సీఎస్ఈ సీటు గారికి ఓ రొయ్యల రైతు రాయునది

మహారాజశ్రీ సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్) సీటు గారికి,

పాలకొల్లు పక్క పల్లె నుంచి ఓ ఆడపిల్ల తండ్రి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి ఆరోగ్యమే ఈ మధ్య బాగాలేదని వింటున్నామండీ, 2022 నవంబరులో ఆ చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి కోడు కూడా అదే రాసేస్తోందట, కొత్తగా చేరిన పిల్లలకిచ్చే చిన్నాచితకా పనులు ముందు దాని నోట్లోకే పోతున్నాయట. చెప్పింది మా మేనల్లుడే. రెండేళ్ళ క్రితం పిల్లని ఎంపీసీలో పడేయండి మావయ్యా, మిగతాది నేను చూసుకుంటానన్నదీ వాడే.

అయినా మీరేం కంగారు పడకండి. పక్కోడికి టైగర్ రొయ్యలో డబ్బులొచ్చాయని బంగారంలాంటి వరిచేలు చెరువులు చేసింది మేమే, 1990ల్లో వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువులకి చెరువులే పోతే నెత్తిన గుడ్డేసుకున్నదీ మేమే, 2009లో వనామీ రొయ్యకి అనుమతులొచ్చాక మళ్ళీ పొక్లెయిన్ల కోసం తిరిగిందీ మేమే. పక్కోడి పట్టుబడి చూసి మన చేను తవ్వెయ్యడం మాకు కొత్త కాదు ఆయ్. ఇప్పుడు చేను బదులు పిల్ల, అంతే తేడా.

నిన్న నెట్ సెంటర్లో ఇంజనీరింగ్ సీటుకి వెబ్ ఆప్షన్లు పెట్టించాను. నలభై. నలభైలోనూ తమరే. ఉత్త సీఎస్ఈ, డేటా సైన్స్ తోకున్న సీఎస్ఈ, సైబర్ సెక్యూరిటీ తోకున్నది, ఇంకా ఏఐ తోకున్నది. (మిమ్మల్ని మింగేస్తుందన్న దాన్నే మీ తోకకి కట్టి అమ్ముతున్నారంటే, వ్యాపారమంటే మీ దగ్గర నేర్చుకోవాలి.) సెంటర్ కుర్రాడు "అమ్మాయిని అడిగారా బాబాయ్?" అన్నాడు. అడగడం దేనికి, పక్కనే కూర్చుంది కదా!

దానికి ఈఈఈ, అదే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, కావాలట. మొన్న తెల్లవారుజామున మూడింటికి చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ మోటారు కాలిపోయి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి, రొయ్యంతా పైకి తేలిపోతుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడక చుట్టాల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. సాఫ్ట్‌వేర్ అల్లుళ్ళు ముగ్గురూ దండాల బొమ్మలు పెట్టారు. ఇదేమో టార్చిలైటు నోట కరుచుకుని, షెడ్డులో మూలనున్న పాత మోటారు గట్టు మీదకి మోయించి, వైర్లు కలిపి తిప్పించేసింది. సెలవుల్లో వైండింగ్ షాపులో కూర్చుని చూసి నేర్చుకుందట, ఏ మోటారుకి రాగి తీగ ఎన్ని చుట్లు పడుతుందో కూడా చెబుతోంది. తెల్లారేసరికి రొయ్య అడుక్కి దిగింది. మీ ఫీజు కట్టాల్సింది ఆ రొయ్య అమ్మిన డబ్బుతోనే లెండి. ఆడపిల్లకి మోటార్లతో పనేంటని దాన్ని గట్టిగానే కోప్పడ్డాను.

ఆప్షన్లు ఫ్రీజ్ చెయ్యడానికి రేపే ఆఖరు. ఓటీపీ నా ఫోనుకే వచ్చేట్టు పెట్టుకున్నాను, ఆ జాగ్రత్త నాకుంది.

ఇట్లు
తమ విధేయుడు

తా.క.: ఇందాకే ఫోన్లో ఏదో మెసేజ్ మోగింది. కళ్ళజోడు చెరువు గట్టు మీద మర్చిపోయాను, చదివి పెట్టమని అమ్మాయి చేతికే ఇచ్చాను. అరగంటైంది, ఇంకా తిరిగివ్వలేదు.