మోటర్‌హోమ్ ఖర్చంతా ఆగిన చోటే

మా అమ్మ ప్రయాణం రోజు నీళ్లు తాగదు. ఇంట్లో బయల్దేరే ముందు రెండు గుటకలు, మళ్లీ ఊరు చేరాకే. ఎందుకని అడిగితే "తాగితే యాడికి పోవల్ల నాయనా?" అంటుంది. డెబ్బై దాటింది, షుగర్ ఉంది, మోకాళ్లు వంగవు. దార్లో బంకులో మరుగుదొడ్డికి తాళం వేసుంటుంది, హోటల్లో ఉంటే అది కింద కూర్చునే రకం. మన వైపు ఆడవాళ్లు చాలామంది ఇట్లాగే దప్పిక అణచుకుని గుళ్లూ గోపురాలూ తిరిగి వస్తుంటారు. ఆ మాట విన్నాకే మోటర్‌హోమ్, అంటే లోపలే పడకలు, వంటగట్టు, మరుగుదొడ్డి ఉండే బండి సంగతి సీరియస్‌గా ఆలోచించడం మొదలుపెట్టాను. కొనే ముందు ఒకసారి అద్దెకు తీసుకుని చూద్దామనుకున్నాం.

ఫిబ్రవరి చివర్లో మూడు రోజుల ప్రయాణం. ట్రావెలర్ వ్యాన్‌ను మార్చి కట్టిన బండి. నాలుగు పడకలు, చిన్న వంటగట్టు, సింకు, కమోడ్ ఉన్న బాత్రూమ్, పైకప్పు మీద సోలార్ పలకలు. అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు, నేను. అనంతపురం నుంచి తాడిపత్రి, బెలుం గుహలు, గండికోట, అక్కడి నుంచి జమ్మలమడుగు, మైదుకూరు మీదుగా అహోబిలం, తిరిగి ఇల్లు. సుమారు 500 కిలోమీటర్లు.

మొదటి రోజు హాయిగా గడిచింది, అది ఒప్పుకోవాలి. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి దర్శనం చేసుకుని వచ్చి బండిలోనే ఉగ్గాని చేసుకున్నాం. అమ్మ అడగకుండానే సీసా ఎత్తి నీళ్లు తాగింది. బెలుంలో తనకు గుహలోకి దిగే ఓపిక లేదు. మేం లోపలికి పోయి వచ్చేదాకా పడక మీద నడుం వాల్చింది. కారులో అయితే సీట్లో కూర్చుని కాళ్లు వాచేవి. పెద్దవాళ్లను, పసిపిల్లలను, జబ్బు మనుషులను వెంటబెట్టుకుని తిరిగేవాళ్లకు ఈ బండి ఇచ్చే సుఖం ఇంకేదీ ఇవ్వలేదు. ఆ సుఖానికి ఎంత పడుతుందో గండికోటలో తెలిసింది.

కోట ద్వారం మలుపులో అంత ఎత్తు బండిని తిప్పే ధైర్యం చేయలేదు. బయటే ఒక ఖాళీ స్థలంలో నిలిపాం. పగలంతా ఎండకు కాగిన రేకు పెట్టె పొద్దు గుంకినా చల్లారలేదు. ఏసీ వేశాం. "రాత్రంతా వస్తుంది సార్" అని బండి ఇచ్చినాయన చెప్పాడు. పదకొండు దాటేసరికి ఆగిపోయింది. కిటికీ తీస్తే దోమలు, మూస్తే ఉక్క. పిల్లలు ఏడుస్తుంటే విసనకర్రతో విసురుతూ కూర్చున్నప్పుడు లెక్క వేసుకున్నాను. ఆ లెక్క ముందే వేసుకుని ఉండాల్సింది.

12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ బ్యాటరీ నిండుగా ఉంటే అందులో ఉండేది 2.4 యూనిట్ల కరెంటు. ఒక టన్ను ఏసీ గంటకు దాదాపు ఒక యూనిట్ తాగుతుంది. అంటే రెండు గంటల పైచిలుకు, అంతే. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ పెట్టినా మంచి ఎండ రోజున ఒకటిన్నర నుంచి రెండు యూనిట్లు వస్తాయి. వేసవి రాత్రి తెల్లవార్లూ ఏసీ నడవాలంటే బ్యాటరీలు రెండు మూడింతలు కావాలి, వాటిని నింపడానికి ఎక్కడో ఒకచోట ప్లగ్గు కావాలి. లేదంటే జనరేటర్. గండికోట లోయ అంచున రాత్రి నిశ్శబ్దం కోసం వచ్చిన మనుషుల మధ్య జనరేటర్ వేయడం నాకు తప్పనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల, కడపల్లో ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది. పిల్లలకు బడి సెలవులు అప్పుడే. మోటర్‌హోమ్ వీడియోల్లో కనిపించేవి చాలామటుకు చలి దేశాలు. వాళ్ల బాధ బండిని వెచ్చగా ఉంచుకోవడం. రాయలసీమలో చల్లగా ఉంచుకోవాలి, దానికి చాలా ఎక్కువ కరెంటు పడుతుంది.

రెండో రోజు నీళ్ల సంగతి. బండి ట్యాంకులో 120 లీటర్లు పడతాయి. అయిదుగురం స్నానాలు, గిన్నెలు, బాత్రూమ్ అన్నీ కలిపితే మర్నాడు పొద్దున్నే అడుగంటింది. పక్క ఊళ్లో అడిగి నింపుకుందామా అంటే నాకు మనసొప్పలేదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది వర్షపాతం సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. వేసవి వస్తే బిందెలు వరుసలో పెట్టుకునే ఊళ్లు ఇటు కడప జిల్లాలోనూ ఉన్నాయి. షికారుకు వచ్చిన బండికి వంద లీటర్లు పట్టుకుపోవడం ఏ మొహంతో అడగాలి?

దానికంటే పెద్ద చిక్కు మరుగుదొడ్డి ట్యాంకు. కమోడ్ కింద చక్రాల పెట్టెలాగా ఒక డబ్బా ఉంటుంది, ఇరవై లీటర్లు పట్టేది. ఒకటిన్నర రోజుకే నిండిపోయింది. యూరప్‌లో, అమెరికాలో దాన్ని ఖాళీ చేయడానికి క్యాంపు స్థలాల్లో ప్రత్యేకంగా చోటు ఉంటుంది, అక్కడే మంచినీళ్ల కొళాయి, కరెంటు ప్లగ్గు కూడా. మా దారిలో అట్లాంటిది ఏమీ కనిపించలేదు. దారి పక్కన వంకలో పారబోసేవాళ్లు ఉన్నారని విన్నాను. ఆ వంక కింద పొలం ఉంటుంది, పొలంలో బోరు ఉంటుంది. మేం ఆళ్లగడ్డలో ఒక లాడ్జిలో రెండు గంటలకు గది తీసుకుని, మేనేజర్‌కు విషయం చెప్పి, ఆయన సరేనన్నాక ఆ బాత్రూములో ఖాళీ చేశాం. అందరం అక్కడే స్నానాలు కూడా చేసేశాం. లాడ్జి అక్కర్లేదనే కదా ఈ బండి తీసుకున్నది అని నా భార్య అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇక డబ్బు. అద్దె రోజుకు 12 వేల చొప్పున 36 వేలు. లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు ఇచ్చింది, డీజిల్ 97 రూపాయల లెక్కన 5,400 అయ్యింది. ఇదే ప్రయాణం మా డీజిల్ కారులో అయితే నూనెకు 2,700, రెండు రాత్రులు రెండేసి గదులు 2,500 చొప్పున 10 వేలు, మొత్తం 12,700. ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది అయిపోతే హోటల్ భోజనానికి ఇంకో మూడు నాలుగు వేలు వేసుకున్నా సగం కూడా కాదు. టోల్ దగ్గర కూడా తేడా ఉంది. 2025 ఆగస్టు 15న మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ 3 వేలకు 200 ట్రిప్పులు ఇచ్చింది. సొంత కారులో 44వ నంబర్ హైవే మీద అమకతాడు, కాసేపల్లి, మరూరు టోల్‌గేట్లు తరచూ దాటేవాళ్లకు అది పెద్ద ఊరట. కమర్షియల్ రిజిస్ట్రేషన్ ఉన్న అద్దె బండికి అది వర్తించదు.

కొంటే ఎలా ఉంటుంది? బండి, లోపలి పని, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 30 లక్షలు అనుకుందాం. పదేళ్ల తర్వాత 8 లక్షలకు పోయిందనుకుంటే ఏడాదికి 2 లక్షల 20 వేలు కరిగిపోయినట్టు. ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీలు, సర్వీసు ఇంకో 80 వేలు. వడ్డీ పక్కన పెట్టినా ఏడాదికి 3 లక్షలు. ఉద్యోగం, పిల్లల చదువు ఉన్నవాళ్లు ఏడాదికి ఇరవై రాత్రులు తిరిగితే గొప్ప. అప్పుడు డీజిల్ కాకుండానే రాత్రికి 15 వేలు. రిటైరైన దంపతులు ఏడాదికి వంద రాత్రులు దేశమంతా తిరిగితే రాత్రికి 3 వేలు. వాళ్లకు కొనమనే చెబుతాను. మిగతావాళ్లకు వద్దనే చెబుతాను, ఎందుకంటే మన జిల్లాల్లో చూడాల్సినవన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. తాడిపత్రి నుంచి బెలుంకు 30 కిలోమీటర్లు, కడప నుంచి ఒంటిమిట్టకు 25. పొద్దున పోతే రాత్రికి ఇంటికి వచ్చి పడుకోవచ్చు.

పాత వ్యాన్ కొని వెల్డింగ్ షాపులో మంచాలు బిగించుకుంటే చవక కదా అని ఇద్దరు ముగ్గురు స్నేహితులు అన్నారు. అక్కడ జాగ్రత్త పడాలి. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. మోటర్‌హోమ్‌లకు ఏఐఎస్-124 అని వేరే ప్రమాణం ఉంది. ఆర్టీవో దగ్గర అనుమతి లేకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర టెన్షన్ తప్పదు.

కారు వెనక తగిలించుకుని లాగే కారవాన్ మన వైపు కుదరదు. నల్లమల ఘాట్‌లో ఆ తోకతో వెనక్కి తీయాల్సి వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. కారు పైకప్పు మీద టెంటు కుర్రవాళ్లకు బాగుంటుంది, మా అమ్మ నిచ్చెన ఎక్కలేదు. పైగా నల్లమలలో ఎక్కడపడితే అక్కడ గుడారం వేయడానికి లేదు, అది పులుల అభయారణ్యం, రాత్రి గేట్లు మూసేస్తారు. అక్కడ ఉండాలంటే బైర్లూటి, పచ్చర్లలో అటవీ శాఖ క్యాంపులే దారి.

మనకు ముందు నుంచీ ఉన్న పద్ధతి ఒకటుంది. పది పన్నెండు మంది చుట్టాలు కలిసి ట్రావెలర్ మాట్లాడుకోవడం, గ్యాస్ స్టవ్, బియ్యం, చాపలు వేసుకోవడం, మహానందిలోనో అహోబిలంలోనో శ్రీశైలంలోనో సత్రంలో గది తీసుకోవడం. అంతకుముందు ఎద్దుల బండ్లు కట్టుకుని తిరునాళ్లకు పోయింది కూడా ఇట్లాగే. తలకు పడే ఖర్చులో దీన్ని ఏ మోటర్‌హోమూ కొట్టలేదు. ఇందులో లేనిది ఒక్కటే, దార్లో మరుగుదొడ్డి. దానికి నేను కనుక్కున్న దారి చిన్నది. మోటర్‌హోమ్‌లో ఉన్న కమోడ్ లాంటిదే విడిగా దొరుకుతుంది, పది వేల లోపే. చుట్టూ నిలబెట్టడానికి మడత గుడారం ఇంకో రెండు వేలు. ఇప్పుడు మా కారు డిక్కీలో అవి ఉంటున్నాయి. నిండిన డబ్బాను బస చేసిన చోటే ఖాళీ చేస్తాం. ముప్పై లక్షల బండిలో మా అమ్మకు అవసరమైంది పన్నెండు వేలకు వచ్చింది.

కేరళ 2021లో కారవాన్ విధానం తెచ్చింది (ప్రభుత్వాలు మోటర్‌హోమ్‌లను కూడా కారవాన్లనే అంటాయి), మరుసటి ఏడాది వాగమన్‌లో కారవాన్ పార్కు తెరుచుకుంది. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా కారవాన్ టూరిజం అంటోంది. సంతోషమే. బండ్ల మీద రాయితీ కంటే ముందు ఆగే చోట్లు కట్టాలని నా విన్నపం. గండికోట అభివృద్ధికి 2024లో కేంద్రం వడ్డీ లేని అప్పుగా దాదాపు 78 కోట్లు మంజూరు చేసింది. అందులో కొంచెం తీసి గండికోట, బెలుం, ఓర్వకల్లు రాతివనం, లేపాక్షి దగ్గర ఒక్కో ఎకరం చోటు చూడండి. నాలుగు వేపచెట్లు, కమోడ్లున్న శుభ్రమైన మరుగుదొడ్లు, వాటికి జీతమిచ్చి పెట్టిన మనిషి, మీటరు బిగించిన ప్లగ్గులు, డబ్బు కట్టి పట్టుకునే నీళ్లు, మురుగు వదలడానికి సెప్టిక్ ట్యాంకు. మోటర్‌హోమ్‌లు వస్తే అవి ఆగుతాయి. రాకపోయినా కారులో, ఆటోలో, బస్సులో వచ్చినవాళ్లు వాడుకుంటారు. ఆత్మకూరు దారిలో అట్లాంటిది ఇంకొకటి ఉంటే ఉగాదికి శ్రీశైలం నడిచిపోయే కన్నడ భక్తులకు కూడా పనికొస్తుంది.