అరకిలో ఉల్లిపాయలు అడిగితే నవ్వాలా?

ఈ ఉదయం తార్నాకలో మా వీధి చివరి కిరాణా కొట్టు దగ్గర జరిగింది చిన్న విషయమే, కానీ సాయంత్రమైనా నా కోపం చల్లారలేదు. మా పై పోర్షన్‌లో అద్దెకుంటున్న జర్మన్ అమ్మాయి ఇక్కడి ఒక బడిలో ఏడాదిపాటు వాలంటీరుగా పనిచేయడానికి వచ్చి రెండు నెలలైంది. రోజూ రాత్రి కూర్చుని అక్షరాలు దిద్దుతుంది, నోటుబుక్కు లేనిదే బజారుకు వెళ్ళదు. ఈ రోజు ఆ నోటుబుక్కు చూసుకుని, "అన్నా, అరకిలో ఉలిపాయలు ఇవ్వండి" అని అడిగింది. ద్విత్వం పలకలేదు, అంతే. కొట్టులోని కుర్రవాడు "ఉలిపాయలా?" అని ఆమె గొంతుతోనే అన్నాడు, పక్కనున్న నలుగురూ పగలబడి నవ్వారు, ఆ తర్వాత అతడు "మేడమ్, ఆనియన్స్? హాఫ్ కేజీ?" అంటూ ఇంగ్లీషులోకి దిగిపోయాడు. ఆమె మారు మాట్లాడకుండా నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకుంది.

నేనూ ఒకప్పుడు ఆమెలాగే నిలబడ్డవాణ్ణి. టాంజానియాలో, దారెస్సలాంకు పశ్చిమాన ఉలుగురు కొండల కింద ఉన్న మొరొగొరోలో రెండేళ్ళు వాలంటీరుగా లెక్కలు చెప్పాను. సెకండరీ బడిలో పాఠం ఇంగ్లీషులోనే సాగుతుంది, కానీ గంట కొట్టాక స్టాఫ్ రూములో, బస్సులో, సంతలో వినిపించేది స్వాహిలీయే. మొదటి వారంలోనే సంతకు వెళ్ళి "నుసు కిలో కిటుంగూ" అన్నాను. కిటుంగూ అంటే ఒక్క ఉల్లిపాయ, ఎక్కువైతే ముందున్న 'కి' కాస్తా 'వి'గా మారి విటుంగూ అవుతుంది. బహువచనాన్ని మాట చివర చేర్చే మనకు, మాట మొదలే మారుతుందన్న సంగతి ఎలా తడుతుంది? అమ్మే పెద్దావిడ తక్కెడను చేత్తో ఆపి, "విటుంగూ" అని నిదానంగా పలికి, నా చేత రెండుసార్లు అనిపించి, అప్పుడు తూచి, కొసరుగా ఇంకొకటి వేసింది. పెద్దవాళ్ళు ఎదురైతే "షికామో" అనాలని, వాళ్ళు "మరహబా" అని బదులిస్తారని నాకు నేర్పింది కూడా ఆవిడే. 120కి పైగా భాషలున్న ఆ దేశంలో చాలామంది ఇంట్లో ఒక భాష మాట్లాడుతూ, స్వాహిలీని తరువాత నేర్చుకున్నవారే కాబట్టి, కొత్త నాలుక తడబాటు ఎలా ఉంటుందో వారికి తెలుసు.

హైదరాబాదులో పుట్టి పెరిగిన మనకు అది తెలియదా? కొట్టును వాళ్ళు దుకా అని, పుస్తకాన్ని కితాబు అని, లెక్కను హెసాబు అని అంటుంటే నాకు కోఠీలో తిరుగుతున్నట్టే ఉండేది. ఇన్ని భాషలు కలిసి పెరిగిన ఊరు మనది.

కుర్రవాడి కన్నా ముందు మా అపార్ట్‌మెంటు పెద్దలను అనాలి. ఆమె సామాను దించిన రోజే "హైదరాబాదులో తెలుగెందుకమ్మా, హిందీ, ఇంగ్లీషు వస్తే చాలు" అని ముగ్గురు సలహా ఇచ్చారు. పదిహేనేళ్ళుగా ఈ మాట వింటున్నాను. ఒడిశా నుంచి వచ్చిన వాచ్‌మన్‌కూ ఇదే చెప్పారు, ఇప్పుడేమో అతడికి తెలుగు ముక్క రాదని నిష్ఠూరమాడుతున్నారు. ఆ అమ్మాయి బడిలో ఉన్నవాళ్ళు ఇంట్లో తెలుగు తప్ప మరొకటి ఎరగని ఒకటో తరగతి పిల్లలు. వాళ్ళు కడుపునొప్పి వచ్చిందని ఆమెకు ఏ భాషలో చెప్పుకుంటారు?

ఇందాక ఆమె సూపర్‌మార్కెట్ సంచితో మెట్లెక్కుతూ కనిపించింది. ఉల్లిపాయలు అక్కడే కొన్నానని, అక్కడైతే ఎవరినీ ఏమీ అడగనక్కర లేదని చెప్పింది. ఇంగ్లీషులో చెప్పింది.