'పొదుపుగా' గారికి, కాస్త ధారాళంగా

గౌరవనీయులైన 'పొదుపుగా' గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమేనా అని అడగను, ఎందుకంటే రోజూ కనబడుతూనే ఉన్నారు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, మోటార్ స్విచ్ పక్కన, నీలం రేకు మీద తెల్లటి అక్షరాల్లో మీ నివాసం. "నీటిని పొదుపుగా వాడండి." పొద్దున ఆరున్నరకి వాచ్‌మన్ మోటార్ వేసి, పాలప్యాకెట్లు పంచడానికి ఐదో అంతస్తు దాకా వెళ్తాడు. అతను దిగివచ్చేలోపు ట్యాంకు పొంగి, ఆ నీళ్లు పైపులోంచి ధారగా మీ రేకు పక్కనే పడి, కార్ల టైర్లు కడిగి, గేటు దాటి వీధిలోకి వెళ్లిపోతాయి. ఆ తుంపర్లకి రేకు అంచు తుప్పుపట్టింది. మొన్న సంక్రాంతికి చివరి అక్షరం రాలిపోయింది. అప్పట్నుంచి బోర్డు ఇలా మిగిలింది: "నీటిని పొదుపుగా వాడం".

మా అసోసియేషన్ ఇన్నేళ్లలో పెట్టిన నోటీసుల్లో నిజం చెప్పింది ఇదొక్కటే.

వ్యాకరణం మిమ్మల్ని క్రియావిశేషణం అంటుంది. అంటే క్రియని అంటిపెట్టుకుని ఉండాలి. మీరు మాత్రం బోర్డుని అంటిపెట్టుకుని ఉంటారు. ఎక్కడ చూసినా ఆజ్ఞార్థకంతోనే మీ కాపురం: వాడండి, ఖర్చు చేయండి, వినియోగించండి. "నేను పొదుపుగా వాడాను" అని ఎవరైనా అనగా వినడం అరుదు. ఎదుటివాళ్లకి చెప్పడానికైతే అందరికీ మీరు కావాలి.

మీ చుట్టాల సంగతి చెప్పమంటారా? మీ తమ్ముడు 'కాస్త' ఉన్నాడు చూశారూ, అంత అబద్ధాలకోరు మన భాషలో లేడు. "కాస్త సర్దుతావా" అంటూ మా బావ ఫోన్ చేస్తే ఇరవై వేలు. "కాస్త ఆగండి, వచ్చేస్తున్నా" అని ప్లంబర్ అంటే గురువారం. ఇక మా అత్తయ్య పక్కన నిలబడి "కాస్త వేస్తానురా, మొహమాటపడకు" అందంటే, విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి పప్పు దిగుతుంది. ఆ తర్వాత ఆవిడ 'ఇంకాస్త' అంటుంది. ఆ మాట దాకా వచ్చాక తప్పించుకున్నవాళ్లని నేను చూడలేదు.

మరొకాయన 'తగినంత'. వంటల పుస్తకాల్లో స్థిరపడ్డాడు. నూనె నాలుగు చెంచాలు, జీలకర్ర అర చెంచా, ఇంగువ చిటికెడు, ఉప్పు తగినంత. ఎవరికి తగినంత? రాసినవాళ్లకి తెలియకే కదా అలా రాశారు! పెద్దవాళ్లకి రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే మొత్తం మీద ఒక టీ చెంచాడు. ఆవకాయ జాడీ వాసెన గుడ్డ విప్పాక ఆ చెంచా లెక్క మా ఇంట్లో ఎవరికీ గుర్తుండదు లెండి.

మీ కవల సోదరుడు 'పిసినారిగా' సంగతి మీరు ఎక్కడా చెప్పుకోరు. ముఖంలో మీ ఇద్దరికీ తేడా లేదు. మా మామయ్య టూత్‌పేస్టు ట్యూబుని ముందు చపాతీ కర్రతో ఒత్తుతాడు. అది చాలక కత్తెరతో నడుం దగ్గర కోసి, బ్రష్ లోపల పెట్టి గుండ్రంగా తిప్పుతాడు. తర్వాత ఆ రెండు ముక్కల్నీ ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఆరిపోకుండా మూసిపెడతాడు, రేపటికి! ఆయన దృష్టిలో ఇది మీరు. ఎదురింటాయన ఇదే పని చేస్తే మీ కవల. మీలో ఎవరు ఎవరో తేల్చేది ట్యూబు కాదు, చుట్టరికం.

అసలు మిమ్మల్ని ఎవరి మీదికి ఉసిగొల్పుతున్నారో చూసుకున్నారా? మురుగు పైపులైన్లున్న పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలని లెక్క. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న లెక్క మనిషికి 55. ఆ 55 లీటర్లలో వండుకుని, తాగి, ఒళ్లు తోముకుని, అంట్లు కడిగే ఇల్లాలికి మీరెవరో ఒకరు గోడ మీద రాసి చెప్పాలా? ఇక్కడేమో మా వంటింట్లో నీళ్ల మిషన్ ఒక లీటరు మంచినీళ్లిచ్చి రెండు మూడు లీటర్లు సింకులోకి వదులుతుంది. దాని మీద మీ స్టిక్కర్ లేదు. "స్వచ్ఛంగా" అని మీ దూరపు చుట్టం ఉంది.

మీరు లేకుండా పొదుపు జరిగిన చోటు ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం అనే వయోజన విద్య తరగతులకి వెళ్లిన ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ వెనకే అదే జిల్లాలో ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. దానికి పొదుపు లక్ష్మి అని పేరు. గమనించారా? పొదుపు ఉంది, చివర మీ 'గా' లేదు. ఆ రూపాయి ఎలా దాచాలో వాళ్లకి క్రియావిశేషణం చెప్పాల్సిన అవసరం రాలేదు.

డబ్బు పెట్టి కొనాల్సి వస్తే మీ విలువ ఎంతో టెలిగ్రాం రోజుల్లోనే తేలిపోయింది. 2013 జులైలో ఆ సర్వీసు మూతపడింది గానీ, అంతవరకూ మాటల లెక్కన వసూలు. జనం ముందు విశేషణాలు కొట్టేసేవాళ్లు, తర్వాత మర్యాదలు. "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ." అంత కరువులోనూ మీ జాతిలో 'ఇమీడియట్లీ' ఒక్కడికే చోటు దొరికింది. మిమ్మల్ని డబ్బు పెట్టి పంపినవాళ్లెవరైనా ఉంటే నాకు తెలియదు.

ఇదంతా ఇవాళ ఎందుకు రాస్తున్నానంటే, నిన్న మా జనరల్ బాడీ మీటింగ్ జరిగింది. తుప్పుపట్టిన రేకు మార్చాలని తీర్మానించాం. పెయింటర్ వచ్చి కొలత చూసుకుని, అక్షరానికి ఇంత అని చెప్పాడు. మా ట్రెజరర్ గారు లెక్కల మనిషి. వేళ్లు మడిచి అక్షరాలు లెక్కపెట్టారు. రేటు తగ్గించమన్నారు, పెయింటర్ తగ్గలేదు. ఆయన కళ్లజోడు సర్దుకుని, బోర్డుని ఇంకోసారి చదివి, "మధ్యలో ఈ మాట తీసేస్తే నాలుగక్షరాలు మిగుల్తాయి కదా" అన్నారు. అందరూ ఒప్పుకున్నారు.

కొత్త బోర్డు ఇందాకే బిగించారు. "నీటిని వాడండి."

ఇట్లు,
మీరు ఖాళీ చేసిన గోడ పక్కన కారు పెట్టుకునేవాడు