నెత్తురు తీసుకున్నారు, నివేదిక ఇవ్వరా?

మహారాష్ట్రలోని బుల్ధానా జిల్లా శేగావ్ తాలూకాలో 2024 డిసెంబరులో జనానికి ఉన్నట్టుండి జుట్టు రాలింది. 2025 ఏప్రిల్‌లో గోళ్లు ఊడాయి. నాలుగు గ్రామాల్లో దాదాపు ముప్పై మందికి గోళ్లు పెళుసుబారి, వంకర తిరిగి, కొందరికి వేళ్ల నుంచి విడిపోయాయని జిల్లా ఆరోగ్య అధికారులే చెప్పారు. ఆ నాలుగు నెలల్లో జరగవలసిన పని ఒకటుంది. భారత వైద్య పరిశోధన మండలి బృందాలు జనవరిలో ఆ ఊళ్లకు వచ్చి నెత్తురు, మూత్రం, వెంట్రుకలు, నీళ్లు, ధాన్యం నమూనాలు పట్టుకెళ్లాయి. వాటిలో ఏమి తేలిందో ఆ ఊళ్లవారికి చెప్పాలి. చెప్పలేదు. ఆ ఏప్రిల్ నాటికి కూడా పూర్తి నివేదిక ప్రజల ముందుకు రాలేదు. గోళ్లు ఊడిన వార్త కన్నా ఈ మౌనమే మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతోంది.

సంగతి పాఠకులకు తెలిసిందే. డిసెంబరు 3 నుంచి జనవరి 20 లోపు 18 గ్రామాల్లో 279 మందికి జుట్టు రాలిపోయింది. మొదట తల దురద, తలనొప్పి, జ్వరం. తరువాత మూడు నాలుగు రోజుల్లోనే బోడితల. షాంపూను అనుమానించారు, నీటిలో నైట్రేట్లను అనుమానించారు, శిలీంధ్రం సోకిందన్నారు. బాధితుల్లో చదువుకునే అమ్మాయిలు ఎక్కువ. కాలేజీ మానుకున్నవారున్నారు, కుదిరిన పెళ్లి ఆగిపోయిన ఇళ్లున్నాయి.

ఇది అందరికీ తెలిసిన బట్టతల కాదు. వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు ఏళ్లు పడుతుంది. కాన్పు తరువాతో, విషజ్వరం తరువాతో రాలే జుట్టుకైనా రెండు మూడు నెలల వ్యవధి ఉంటుంది. ఎందుకంటే కుదుళ్లు ముందు ఎదుగుదల ఆపి విశ్రాంతి దశలోకి వెళ్లాలి, ఆ తరువాతే వెంట్రుక ఊడుతుంది. మూడు రోజుల్లో తల బోడి అయిందంటే ఎదుగుతున్న కుదురుకే దెబ్బ తగిలిందని అర్థం. క్యాన్సర్ మందులు అలా చేస్తాయి, థాలియం అనే విషలోహం అలా చేస్తుంది, ఒంటికి చాలా కొద్దిగా మాత్రమే కావలసిన ఖనిజం సెలీనియం మోతాదు మించితే అలా చేస్తుంది. వెంట్రుకకూ గోరుకూ బలమిచ్చే కెరటిన్ అనే ప్రోటీన్‌లో గంధకం ఉండవలసిన చోట సెలీనియం దూరితే ఆ కట్టు వదులవుతుంది. ముందు జుట్టు, వెనక గోళ్లు. శేగావ్‌లో జరిగింది సరిగ్గా ఈ వరసలోనే.

తేలు కాటు చికిత్సపై చేసిన పరిశోధనతో పేరు పొందిన, పద్మశ్రీ అందుకున్న డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ సొంత చొరవతో ఆ ఊళ్లకు వెళ్లి రేషన్ గోధుమలను పరీక్ష చేయించారు. కిలోకు 14.52 మిల్లీగ్రాముల సెలీనియం ఉన్నట్లు తేలింది. మామూలుగా 1.9 మిల్లీగ్రాములు మించకూడదని ఆయన అన్నారు. కడిగిన గింజల్లోనూ దాదాపు అంతే ఉంది, అంటే అది పైన అంటిన దుమ్ము కాదు, గింజలోనే ఉంది. బాధితుల రక్తంలో, మూత్రంలో, వెంట్రుకల్లో సెలీనియం ఉండవలసిన దానికి ఎన్నో రెట్లు ఉంది, జింకు తగ్గిపోయి ఉంది. పెద్దవారికి రోజుకు 400 మైక్రోగ్రాములే గరిష్ఠ పరిమితి అని అమెరికా పోషకాహార ప్రమాణాలు చెబుతాయి. ఆ గోధుమలతో రోజుకు 300 గ్రాముల పిండి రొట్టెలు తిన్న మనిషి ఒంట్లోకి 4,300 మైక్రోగ్రాములకు పైగా చేరుతుంది. లెక్క ఇంత సూటిగా ఉన్నప్పుడు దేశంలోకెల్లా పెద్ద వైద్య పరిశోధన సంస్థ అవుననైనా అనాలి, కాదనైనా అనాలి.

గోధుమలే కారణమని తిరుగులేని రుజువు లేదని, తొందరపడి ప్రకటిస్తే రేషన్ ధాన్యంపై జనానికి భయం పుడుతుందని ఒక వాదన ఉంది. రుజువు లేదంటే ఆ మాటే నివేదికలో రాసి బయట పెట్టవచ్చు. జనానికి భయం ఎప్పుడో పుట్టింది, అద్దంలో చూసుకున్న రోజే పుట్టింది.

పరిశోధన మండలి 2017లో జాతీయ నైతిక మార్గదర్శకాలు విడుదల చేసింది. మనుషులపై జరిగే ప్రతి పరిశోధనకూ 12 మూల సూత్రాలను అందులో నిర్దేశించింది. పారదర్శకత, జవాబుదారీతనం వాటిలో ఒకటి. దేశంలోని ప్రతి వైద్య కళాశాల, ప్రతి మందుల కంపెనీ ఆ పుస్తకానికి లోబడాలి. రాసినవారికి మాత్రం అది వర్తించదా? నమూనా ఇచ్చిన మనిషికి ఫలితం తెలియకుండా పోతే ఆ పరిశోధన ఎవరి కోసం చేసినట్లు?

డబ్బు పెట్టి మందు కొనగలిగినవారి జుట్టు విషయంలో ఇలా జరగదు. పేనుకొరుకుడుకు 2022లో బారిసిటినిబ్ అనే మందుకు, 2023లో రిట్లెసిటినిబ్ అనే మందుకు అమెరికా అనుమతి ఇచ్చినప్పుడు ఎంతమందికి ఎన్ని వారాల్లో తలపై ఎంత శాతం జుట్టు తిరిగి వచ్చిందో, ఎవరికి ఏ దుష్ఫలితం కలిగిందో ప్రపంచమంతా చదువుకునేలా అచ్చయింది. 2008లో అదే దేశంలో ఒక పోషక ద్రావణంలో పొరపాటున సెలీనియం లేబుల్‌పై రాసిన దానికి 200 రెట్లు పడి, పది రాష్ట్రాల్లో 201 మందికి విషమెక్కింది. వారిలోనూ చాలామందికి జుట్టు రాలింది, గోళ్లు పాడయ్యాయి. ఆహార, ఔషధ సంస్థ ఆ సరుకు పేరు చెప్పి మరీ వాడవద్దని హెచ్చరించింది. ఎవరి నోట్లోకి ఏ విషం పోయిందో తరువాత వైద్య పత్రికలో వివరంగా వచ్చింది. శేగావ్ ఆడపిల్లకు ఆ మర్యాద ఎందుకు దక్కదు?

తెలియని జబ్బు అని తప్పించుకోవడానికీ వీలులేదు. చైనాలోని హుబే ప్రాంతంలో ఎన్షీ కౌంటీ గ్రామాలు 1960ల తొలినాళ్లలో ఇలాగే జుట్టు, గోళ్లు పోగొట్టుకున్నాయి. పంజాబ్‌లోని నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల్లో కొన్ని పొలాల మట్టిలో సెలీనియం మోతాదు మించి ఉందని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. కొనుగోలు కేంద్రంలో గోధుమ తేమ 12 శాతమా 14 శాతమా అని కొలుస్తాం. అలాంటి నేలలో పండిన గింజలో ఏముందో కూడా చూడాలని ఇన్నేళ్లలో ఎవరికీ తోచకపోవడం నేరం.

మనకు ఏలూరు గుర్తుంది. 2020 డిసెంబరులో ఆరువందల మందికి పైగా మూర్ఛలతో పడిపోయారు. ఒక సంస్థ సీసం, నికెల్ అంది, మరికొన్ని సంస్థలు పురుగుమందుల అవశేషాలన్నాయి. అవి ఏ దారిన ఒంట్లోకి చేరాయో ఆ పట్టణ ప్రజలకు తేల్చి చెప్పినవారు లేరు. జబ్బు వచ్చినప్పుడు బృందాల పరుగు, తగ్గగానే నిశ్శబ్దం. అప్పుడు గట్టిగా నిలదీయనందుకే శేగావ్‌లోనూ అదే జరిగింది. ఇప్పుడూ ఊరుకుంటే రేపు మరో ఊరు. దేశంలో 80 కోట్ల మందికి నెలకు ఐదు కిలోల చొప్పున అందుతున్న ధాన్యం ఇది. ఎక్కడో పండింది ఇంకెక్కడో వండుకుంటారు. కొనేది, నిల్వ చేసేది, పంచేది, జబ్బు చేస్తే పరీక్షించేది అన్నీ ప్రభుత్వమే అయినప్పుడు, నివేదికను దాచే హక్కు కూడా ప్రభుత్వానిదే అని ఒప్పుకుంటే ఇక తినేవాడికి దిక్కెవరు?

పరిశోధన మండలి నివేదికను అంకెలతో సహా వెంటనే విడుదల చేయాలి. దాన్ని మరాఠీలో అచ్చువేసి ఆ 18 గ్రామాల్లో రేషన్ దుకాణాల తలుపులకు అంటించాలి. ఆ గోధుమలు ఏ గోదాము నుంచి వచ్చాయో, అదే సరుకు ఇంకా ఏయే జిల్లాలకు వెళ్లిందో ఆహార శాఖ చెప్పాలి. ఇవి చేయడానికి కొత్త చట్టం అక్కరలేదు, కొత్త కమిటీ అక్కరలేదు. ఇంత చిన్న పని కూడా చేతకానివారు, గోళ్ల పరీక్షల పేరుతో మళ్లీ సూదులు పట్టుకుని ఆ ఇళ్ల గుమ్మాలు ఎక్కవద్దు.