ఆక్సిజన్ కవరు గారికి

మహారాజశ్రీ ఆక్సిజన్ కవరు గారికి, విజయవాడ సింగ్ నగర్ నుంచి ఒక రిటైర్డ్ మనిషి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అంతా క్షేమం. ఆదివారం చేపపిల్లల్ని నీళ్లలో వదిలే సభలో, ఘాటు మెట్ల మీద తమ పక్కనే కూర్చునే భాగ్యం కలిగింది. తొమ్మిదిన్నరకని పిలిచారు, ముఖ్య అతిథి పన్నెండున్నరకి దిగారు. అప్పటిదాకా ఎండలో తమరూ నేనూ. ఒక వంతు నీళ్లు, రెండు వంతుల ఆక్సిజన్‌తో అన్ని వందల బొచ్చె చేపపిల్లల్ని మోశారు. మా సిటీ బస్సు కూడా అంతమందిని ఎక్కించుకోదు.

మూతి విప్పే ముందు తమర్ని పావుగంట నీళ్లలో తేలనివ్వాలట, లోపలి వేడీ బయటి వేడీ సమానం కావడానికి. ఫొటోగ్రాఫరు ఒప్పుకోలేదు. "రెడీ సార్" అన్నాడు, ఒక్కసారిగా గుమ్మరించారు. కొంగలకి మాత్రం భోజనం టైముకే అందింది.

సరే, అది కాదు నా బాధ. నేను వచ్చింది తమ దర్శనానికి కాదు. పోయినేడు ఇదే మైకులో మాటిచ్చారు: మా కాలనీ వెనక వాగు గట్టు అంతా సిమెంటు చేసినా ఒక వంద గజాలు వదిలేస్తాం, జమ్మూ తుంగా పెరగనిస్తాం, చేపలు గుడ్లు పెట్టుకుంటాయి అని. ఈసారి బ్యానరు మీద 'వాగు పునరుద్ధరణ' అని చూసి, బురదలో దిగాలి కదా అని పాత లుంగీ సంచిలో పెట్టుకొచ్చాను. మడత విప్పలేదు. ఆ వంద గజాలకీ మొన్ననే సిమెంటు పోసేశారు. ఆరకముందే ఎవరిదో కుక్క నడిచినట్టుంది, అడుగులు కూడా పడ్డాయి.

తమరు మిషన్లో పుట్టినవారు, తెలియకపోవచ్చు. తొలకరికి కొత్త నీరు తగిలితే చాలు, చేప ఎదురెక్కుతుంది, పురిటికి పుట్టింటికి బయల్దేరిన ఆడపిల్లలాగా. బొచ్చెకీ శీలావతికీ వరద పరుచుకున్న లోతులేని చోటు కావాలి. కొర్రమీను గట్టు వారన గడ్డి తొలిచి గూడు చేసుకుంటుంది, మొగుడూ పెళ్లాం ఇద్దరూ గుడ్లకి కాపలా కాస్తాయి. కొన్నిటికి గులకరాళ్ల సందులు కావాలి. ఇసుక, రాళ్లు ఎప్పుడో లారీలెక్కాయి, ఇప్పుడు వారన కూడా పోయింది. ఆ నున్నటి గోడకి గుడ్డు ఎలా అంటించమంటావు, ఫెవికాల్ పెట్టా? పులసకైతే పుస్తెలమ్మి తినమని సామెతైనా ఉంది, మా వాగు పరిగెకి ఏముంది?

1957లో ఇక్కడ ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. అదే ఏడు ఒడిశాలో చేపల శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి చేపకి పిట్యూటరీ అనే మెదడు గ్రంథి రసం ఇంజక్షన్ చేసి గుడ్లు పెట్టించారు. నా కంచంలో చేప ఆయన చలవే. కానీ ఇంజక్షన్ ఉంది కదా అని పుట్టిల్లు కూలగొట్టమని ఆయన చెప్పలేదే!

మా అబ్బాయి ఉండే వాషింగ్టన్ రాష్ట్రంలో, సాల్మన్ చేపలు పైకి వెళ్లి గుడ్లు పెట్టుకోవాలని ఎల్వా నది మీద రెండు ఆనకట్టలే పీకేశారు, 2011లో మొదలుపెట్టి. నదిలో చెట్ల మొద్దులు కూడా పేర్చారు. నేను బ్యారేజీ పీకమన్నానా? వంద గజాల బురద అడిగాను. బురద!

2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా హాల్లోకొచ్చినప్పుడు గట్టు గట్టిగా కట్టండని అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను, నీతులు చెప్పే మొహం కాదు నాది. గట్టిగా కట్టమన్నాను గానీ గడ్డిపరక మొలవకుండా కట్టమన్నానా?

అందరూ భోజనాలకి వెళ్లాక నువ్వొక్కదానివే గుర్రపు డెక్కలో చిక్కుకుని ఊగుతున్నావు. కర్రతో లాగాను. నీ మూలమడతలో ఒక పిల్ల ఇంకా కొట్టుకుంటోంది. ఇంటికి తెచ్చేసరికి బతికే ఉంది, పెరట్లో తొట్టిలో వేశాం. మా ఆవిడ నిన్ను కడిగి దండెం మీద ఆరేసింది. ఎండాకాలం వడియాలు పెట్టుకోవడానికి పనికొస్తావట.

ఇట్లు,
బొచ్చె పిల్లకి తవుడు వేయాలా, అన్నం మెతుకులు వేయాలా అని ఊళ్లో అందర్నీ అడుగుతున్న
తమ విధేయుడు