సభ్యత్వం నెలకు కాదు, పంటకు

ఉద్యోగం చేసుకుంటూనే ఒక వెబ్‌సైట్ పెట్టు, సభ్యత్వం అమ్ము, కోడ్ రాయడం రానక్కర్లేదు. ఈ సలహా వినని కుర్రాడు ఈ రోజుల్లో ఉండడు. గ్లైడ్, సాఫ్టర్, బబుల్, వర్డ్‌ప్రెస్ లాంటివి కోడ్ పెద్దగా రాయకుండానే సైట్ కట్టుకునే పనిముట్లు. ఆ పనిముట్లు మంచివి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లలు వాటిని తప్పకుండా చేతిలోకి తీసుకోవాలి. కానీ వాటి వెంట వచ్చే సభ్యత్వపు లెక్కను మాత్రం ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదు. అది మన లెక్క కాదు.

మా అక్క కొడుకు బెంగళూరులో పనిచేస్తాడు. వాళ్ల నాన్నకు అల్లూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. నిరుడు ఆదివారాల్లో కూర్చుని గ్లైడ్‌లో చుట్టుపక్కల రైతుల కోసం ఒక చిన్న సైట్ తయారుచేశాడు. దానికి మూలం మా బావ చొక్కా జేబులోని నోటుబుక్కు. గుంట నంబరు, సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన తేదీ, ఎన్నో రోజు, పూటకు ఎంత మేత, చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూడటానికి గుంటలో దించే పళ్లెం) ఎంత మిగిలింది, పీహెచ్, సెలినిటీ (నీటి ఉప్పదనం). ఆ పేజీలో గీతలు గీసి ఎన్ని గళ్లు చేసుకున్నారో, గూగుల్ షీట్‌లో అన్నే కాలమ్‌లు పెట్టాడు. డేటాబేస్ అంటే అంతే. ఎవరి గుంటల లెక్క వాళ్లకే కనపడుతుంది. 30 కౌంట్, 50 కౌంట్, 100 కౌంట్‌కు (కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ఆ రోజు ఎవరు ఎంత ధర చెప్పారో మాత్రం సభ్యులే నింపుతారు, సభ్యులందరూ చూస్తారు.

తెల్లవారుజామున బావ గట్టు మీద నిలబడి ట్రే పైకి లాగుతారు. మిగిలిన మేతను వేలితో కదిపి చూస్తారు. తర్వాత ఆ తడి చేత్తోనే ఫోన్ తీస్తారు. తడి వేలికి అక్షరాలు ఎక్కవు, ఒకటి నొక్కితే ఇంకోటి పడుతుంది. అది చూసి మావాడు టైప్ చేసే గడి తీసేసి మూడు పెద్ద బటన్లు పెట్టాడు: మొత్తం తిన్నాయి, కొంచెం మిగిలింది, చాలా మిగిలింది. గట్టు మీదే, పది నిమిషాల్లో. ఇదే పని హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి చెప్పి చేయించాలంటే ముందు వాళ్లకు చెక్ ట్రే అంటే ఏమిటో చెప్పాలి. ఇలాంటి లోకోడ్ (కోడ్ పెద్దగా అక్కర్లేని) పనిముట్ల అసలు బలం నాకు అక్కడ కనపడింది. పని తెలిసినవాడు, సైట్ కట్టేవాడు ఒకే గట్టు మీద నిలబడగలుగుతున్నారు.

లాగిన్ దగ్గర మాత్రం బండి ఆగింది. గ్లైడ్ సభ్యుడి మెయిల్‌కు పిన్ పంపుతుంది. 'నా పేరున మెయిలా? అది సెల్లు షాపు అబ్బాయికే తెలియాల నాయనా' అన్నాడు ఒక పెద్దాయన. ఫోన్ కొన్న రోజు షాపులో ఎవరో ఒక ఐడీ పెట్టిచ్చారు, పాస్‌వర్డ్ ఏమిటో ఎవరికీ తెలియదు. పోనీ ఎస్ఎంఎస్‌లో ఓటీపీ పంపుదామంటే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో నమోదు కావాలి, పంపేవారి పేరుకూ సందేశానికీ ముందుగా ఆమోదం తెచ్చుకోవాలి. ఆదివారం పూట చేసే పనికి అది మోయలేని బరువు. చివరికి సభ్యులైన ఇరవై ఇద్దరి ఇళ్లకూ తిరిగి, వాళ్ల ఎదుటే పాస్‌వర్డ్‌లు మార్పించి, మెయిల్ వాళ్ల ఫోన్లలోనే తెరుచుకునేలా చేశాడు. మూడు ఆదివారాలు పట్టింది.

ఇక డబ్బు. సభ్యత్వం అనగానే ఈ పనిముట్లు ఎక్కువగా చూపించేవి రెండే: నెలకు, ఏడాదికి. నెల అనేది జీతం వచ్చేవాళ్ల లెక్క. వనామీ రొయ్యల రైతుకు డబ్బు కనపడేది మూడు నాలుగు నెలలకు, పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజున. అప్పటిదాకా మేత కూడా చాలామందికి అప్పే. యూపీఐ ఆటోపే (గడువుకు ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్టే పద్ధతి) 2020లో వచ్చింది, సౌకర్యమే, కాదనను. కానీ ఖాతా ఖాళీగా ఉన్న అరవయ్యో రోజున డెబిట్ ఫెయిలై సైట్ మూసుకుపోతే? రైతుకు ఆ లెక్కలు ఎక్కువ అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే. అందుకే మావాడు పంటకు 600 రూపాయలు పెట్టాడు. పట్టుబడి తేదీ నింపిన 15 రోజులకు గడువు. వైట్ స్పాట్ తెగులు వచ్చి ముందే పట్టేసుకోవాల్సి వస్తే ఆ పంటకు ఏమీ లేదు. డబ్బు క్యూఆర్ కోడ్ మీద నేరుగా వస్తుంది, అందిందని షీట్‌లో చేత్తో టిక్ పెడతాడు. గ్లైడ్ అద్దె అందులోంచే. టంగుటూరు, కొండపి వైపు పొగాకు రైతుకైతే వేలం డబ్బు పడ్డాకే చందా అడగాలి. ఇలాంటి గడువు ఏ టెంప్లేట్‌లోనూ దొరకదు, కానీ షీట్‌లో ఒక్క ఫార్ములా చాలు.

అనుభవమున్న ఇంజనీర్లు ఇలాంటి సైట్లు బొమ్మ ఇళ్లంటారు. అందులో నిజముంది. బబుల్‌లో కట్టిన యాప్ బబుల్‌లోనే నడవాలి, కోడ్ బయటికి తెచ్చుకోలేం. ఇలాంటిదే మరో పనిముట్టు వెబ్‌ఫ్లో తన సొంత యూజర్ అకౌంట్స్ (సభ్యుల లాగిన్) సౌకర్యాన్ని వదిలేసి వినియోగదారులను వేరే సర్వీసులు చూసుకోమంది. కొందరు స్క్రీన్ మీద దాచి తాళం వేశామనుకుంటారు, పేజీ సోర్స్ తెరిస్తే అంతా బయటే ఉంటుంది. జాగ్రత్తపడాల్సిందే. అయితే సభ్యుల పట్టిక మన చేతిలో ఉన్నంతకాలం గోడలు కూలినా భయం లేదు. ఇరవై ఇద్దరికి రెండు ఆదివారాల్లో మరో ఇల్లు కట్టొచ్చు.

పట్టిక ఎవరి చేతిలో ఉంది అనే ప్రశ్న నెల్లూరు జిల్లాకు కొత్త కాదు. 1990ల మొదట్లో అక్షరదీపం అనే అక్షరాస్యత తరగతుల్లో సంతకం నేర్చుకున్న ఆడవాళ్లు 1992లో దూబగుంటలో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. తర్వాత అదే జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. ఎవరు ఎంత కట్టారో, ఎవరికి ఎంత అప్పు ఇచ్చారో తమ పుస్తకంలో తామే రాసుకున్నారు. అక్షరాస్యత అంటే నెల్లూరుకు అది. ఇవాళ డిజిటల్ అక్షరాస్యత పేరుతో నేర్పుతున్నది ఇతరులు పెట్టిన బటన్లు నొక్కడం. రొయ్యకు ధర చెప్పేవాడి దగ్గర వందల గుంటల లెక్క ఉంటుంది, అమ్మే రైతు దగ్గర తన గుంట లెక్క ఒక్కటే ఉంటుంది. అందుకే బేరం ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంది. నెల్లూరు, ఒంగోలు డిగ్రీ, పాలిటెక్నిక్ పిల్లలు చివరి ఏడాది డబ్బులిచ్చి కొనుక్కొచ్చే ప్రాజెక్ట్ రిపోర్టులకు మార్కులు వేయడం ఆపాలి. తమ ఊరికి పనికొచ్చే ఒక్క పట్టిక కట్టి, పదిమంది సభ్యులతో ఒక పంటకాలం నడిపి చూపించినవాళ్లకు ఆ మార్కులు ఇవ్వాలి.

ఈ పంటలో ఒక రైతు కొత్త కాలమ్ అడిగాడు: కరెంటు పోయిన గంటలు. గుంట నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతాయి, ఆ టెన్షన్‌తో రాత్రంతా గట్టు మీదే కూర్చునేవాళ్లున్నారు. మావాడు ఆ రాత్రే కలిపాడు. రెండు నెలలుగా ఇరవై ఇద్దరూ తేదీ, గంట, నిమిషంతో సహా నింపుతున్నారు. వచ్చే సోమవారం ఆ పట్టిక ప్రింట్ తీసుకుని అందరూ కలిసి నెల్లూరు కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌కు వెళ్తున్నారు. నేనూ వెళ్తున్నాను.