వాయుదేవుడి తరఫున వకాల్తా

అమెరికాలో సొంతంగా కట్టుకున్న చిన్న విమానాన్ని దించబోయి పొలంలో పడేసిన పెద్దమనిషి ఎవరైనా సరే, మొదట చెప్పే మాట ఒకటే: "పక్కనుంచి గాలి కొట్టింది." నోరు లేని దేవుడి మీద ఇన్ని అభియోగాలు చూస్తూ ఊరుకోలేక, ఆయన తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను.

నా కక్షిదారు కుటుంబానికి ఈ విద్య కొత్త కాదు. ఆయన కొడుకు నూరు యోజనాల సముద్రం దాటి, రన్‌వే కూడా లేని కొండ కొమ్మున చక్కగా దిగాడు. ఆయనకు తోక ఉంది గానీ తోకచక్రం లేదు, అది వేరే సంగతి.

మన పెద్దమనిషిది తోక కింద చిన్న చక్రం ఉండే రకం. ఈ తోకచక్రం విమానాల్లో బరువు కేంద్రం ముందున్న పెద్ద చక్రాలకు వెనక ఉంటుంది. నేలను తాకాక ముక్కు కాస్త పక్కకు తిరిగిందా, వెనకనున్న బరువు ముందుకు రావాలని చూస్తుంది. కాళ్ల కింది రడ్డర్ (తోక చుక్కాని) పెడళ్లతో వెంటనే సరిదిద్దకపోతే విమానం గిర్రున తిరుగుతుంది. గ్రౌండ్ లూప్ అంటారు. ఆకు కదలని రోజున కూడా నిక్షేపంగా జరుగుతుంది.

మన పెద్దమనిషి గ్యారేజీలో ఎనిమిదేళ్లు కూర్చున్నాడు. సగానికి పైగా పని ఔత్సాహికుల చేతుల మీదే జరగాలని చట్టం. ఒక్క రివెట్ వెంట్రుకవాసి పక్కకు పోతే పీకి మళ్లీ కొట్టాడు. ఆ ఎనిమిది చలికాలాలూ ఆయన భార్య కారు మంచులోనే నానింది. మరి దించడం ఎవరి దగ్గర సాధన చేశారండీ అంటే, "కుర్రతనంలో నడిపాను" అన్నాడు.

దించబోతే నేల తాకి ఒక ఎగురు, రెండో ఎగురు, మూడో ఎగురు. ఆపైన గడ్డిలోకి గిర్రున తిరిగి, రెక్క కొస నేలలో దిగబడి, ప్రొపెల్లర్ వేయించిన అప్పడంలా వంకర్లు పోయింది. ఆయన దిగి, ప్యాంటు దులుపుకుని, తలెత్తి, గాలి వాటం చూపే గాలి సంచి వైపు చూశాడు. అది దండెం మీది లాల్చీ చేతిలా వేలాడుతోంది. మిత్రులూ చూశారు. "గాలి వేగం పన్నెండు నాట్లు ఉంటుంది" అన్నాడొకడు గంభీరంగా. "పదిహేను." "విసురు కలుపుకుంటే ఇరవై." కాఫీ దగ్గరకు చేరేసరికి తుపాను తీరం దాటింది. గాలి సంచి ఇంకా వేలాడుతూనే ఉంది.

అప్పుడు వచ్చింది ఆ సామెత: "నడిచి బయటికి రాగలిగితే మంచి ల్యాండింగే." వెనక సీట్లో మనవరాలు ఉంటే? మొదటి 25 గంటలో 40 గంటలో ప్రయాణికులను ఎక్కించకూడదని నిబంధన ఉంది. ఆ తర్వాత? ఎదురుగా అంటించిన హెచ్చరిక చీటీని ఎనిమిదేళ్ల పిల్ల చదువుకుని సమ్మతి తెలపాలా? 2011లో ప్రమాదానికి గురైన ఇలాంటి విమానాల్లో సగానికి పైగా, ఇంకొకరు కట్టినవాటిని కొనుక్కున్నవేనని అమెరికా రవాణా భద్రతా మండలి 2012లో తేల్చింది. అంటే ఎనిమిదేళ్ల గ్యారేజీ తపస్సు కూడా లేదు, చెక్కు రాసిన చెయ్యి మాత్రమే ఉంది. అదే రకం విమానంలో శిక్షకుడి పక్కన నాలుగు రోజులు కూర్చోవడానికి నామోషీ, పసిపిల్లను వెనక కూర్చోబెట్టుకోవడానికి లేదు! సిగ్గుండాలి.

మన పెద్దమనిషి కొత్త ప్రొపెల్లర్‌కు ఆర్డరిచ్చాడు. ఆ గాలి సంచి సరిగా పనిచేయడం లేదని, వెంటనే మార్చాలని అర్జీ కూడా పెట్టుకున్నాడు.